బావి ఎక్కడుందో మనకి తెలుసు

‘ది వెల్’ సినిమాలో పాప బావిలో పడడం మొదట్లోనే అయిపోతుంది. అయిదేళ్ళ నల్లజాతి పాప, పేరు కారొలిన్. ఒంటరిగా బడికి బయల్దేరి, పూలు కనిపిస్తే కోసుకుంటూ ఒక ఖాళీ స్థలంలోకి వెళ్తుంది. అక్కడ గడ్డి కప్పేసిన పాడుబావి ఒకటుంది. ఒక అడుగు తప్పుతుంది, పాప కనిపించదు. అంతే. మనం చూసేశాం. ఊళ్ళో ఎవరూ చూడలేదు.

మామూలుగా క్రైమ్ సినిమా ఏది దాచాలో దాన్నే ఈ సినిమా ముందు చెప్పేస్తుంది. ఆ తర్వాత చాలాసేపు ఊరంతా ‘ఎవరు ఎత్తుకెళ్ళారు?’ అని వెతుకుతుంది. ఎవరూ ఎత్తుకెళ్ళలేదని సీట్లో కూర్చున్న మనకొక్కళ్ళకే తెలుసు. చెప్దామంటే తెర అడ్డం. నేను చాలా సస్పెన్స్ సినిమాలు చూశాను కానీ, నిజం చేతిలో పెట్టుకుని ఇంత నిస్సహాయంగా కూర్చున్నది మాత్రం ఈ సినిమాకే.

దీని దగ్గరికి నేను వచ్చింది వేరే దారిలో. నోయిర్ సినిమాల మీద ఇష్టం ఉన్నవాళ్ళకి ‘డి.ఓ.ఎ.’ తెలిసే ఉంటుంది. తన హత్య గురించి ఫిర్యాదు చేయడానికి మనిషి తనే పోలీస్ స్టేషన్‌కి నడిచి వస్తాడు, ఆ సినిమా. దాని రచయితలు రస్సెల్ రౌజ్, క్లారెన్స్ గ్రీన్. కెమెరా ఎర్నెస్ట్ లాజ్లో, సంగీతం డిమిట్రి ట్యోంకిన్, సమర్పణ హ్యారీ పాప్‌కిన్. ఈ జట్టు ఇంకేం తీసిందా అని వెతుకుతూ పోతే 1951లో వచ్చిన ఈ 86 నిమిషాల సినిమా దొరికింది. మనుషులు దాదాపు అందరూ వాళ్ళే. ఈసారి దర్శకత్వం మాత్రం రౌజ్, హ్యారీ తమ్ముడు లియో పాప్‌కిన్ కలిసి చేశారు. డబ్బు తక్కువ, స్టార్లు లేరు. స్టూడియోలో ఊరి సెట్ వేసే స్తోమత లేదు కాబట్టి ఉత్తర కాలిఫోర్నియాలో మేరీస్‌విల్, గ్రాస్ వ్యాలీ అనే నిజమైన ఊళ్ళకి వెళ్ళి తీశారు. సినిమాకి అదే కలిసొచ్చింది. గుంపు సీన్లలో కనిపించేవి నటుల ముఖాల్లా ఉండవు. రేషన్ క్యూలో మన ముందు నిలబడ్డవాళ్ళ ముఖాల్లా ఉంటాయి.

పాప్‌కిన్ సోదరుల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమా వాళ్ళ చేతికి రావడం యాదృచ్ఛికం అనిపించదు నాకు. 1930ల చివర్లో వాళ్ళు ‘మిలియన్ డాలర్ ప్రొడక్షన్స్’ పేరుతో, పేరుకి పూర్తి విరుద్ధమైన బడ్జెట్లతో, నల్లవాళ్ళ థియేటర్ల కోసం నల్లజాతి నటులతో సినిమాలు తీసేవారు. ‘రేస్ ఫిల్మ్స్’ అనేవాళ్ళు వాటిని. గాయని లీనా హార్న్ మొదటి సినిమా ‘ది డ్యూక్ ఈజ్ టాప్స్’ 1938లో వచ్చింది ఆ కంపెనీ నుంచే. లియో కూడా వాటిలో కొన్నిటికి దర్శకుడు. అంటే, 1949లో హాలీవుడ్‌కి ఉన్నట్టుండి జాతి సమస్య గుర్తొచ్చి ‘పింకీ’, ‘హోమ్ ఆఫ్ ది బ్రేవ్’, ‘లాస్ట్ బౌండరీస్’, ‘ఇంట్రూడర్ ఇన్ ది డస్ట్’ అని వరసగా నాలుగు సినిమాలు తీసేనాటికి, వీళ్ళకి నల్లజాతి నటులతో పనిచేయడం పదేళ్ళ పాత అలవాటు. ఆ నాలుగింటిలో ‘పింకీ’ కథానాయిక నల్లమ్మాయి. వేషం వేసింది జీన్ క్రెయిన్ అనే తెల్లమ్మాయి. ‘ది వెల్’లో ఆ తంటా లేదు. పాప తల్లిగా మేడీ నార్మన్, తండ్రిగా ఎర్నెస్ట్ ఆండర్సన్. ఇద్దరూ మామూలు మధ్యతరగతి మనుషుల్లా మాట్లాడతారు. ఆ రోజుల్లో నల్లజాతి నటుల చేత తెర మీద పలికించే వంటింటి యాస ఎక్కడా వినిపించదు.

ఇక కథ. పాప కనిపించకపోయేసరికి తల్లి షెరిఫ్ దగ్గరికి వెళ్తుంది. షెరిఫ్ బెన్ కెలాగ్ మంచివాడే, పని మొదలుపెడతాడు. విచారిస్తే ఒక సంగతి బయటపడుతుంది. పొద్దున పాప పక్కన ఒక తెల్లాయన కనిపించాడు. పూలకొట్లో ఆమెకి వయొలెట్ పూలగుత్తి కొనిపెట్టాడు. ఊరికి కొత్త. ఆయన దొరుకుతాడు కూడా. క్లాడ్ పాకర్డ్ అనే గని పనివాడు, ఆ ఊళ్ళో పెద్ద కాంట్రాక్టరైన సామ్ పాకర్డ్‌కి బంధువు. పాపకి పూలు కొనిచ్చిన మాట నిజమే, రోడ్డు దాటించి వదిలేశాను, అంతకుమించి నాకేం తెలీదంటాడు. అది అక్షరాలా నిజం. మనకి తెలుసు. షెరిఫ్‌కి తెలీదు.

మా ఆఫీసుల్లో ఒక అలవాటుంది. ప్రొడక్షన్‌లో ఏదైనా పగిలిందంటే లాగ్స్ తెరవకముందే అందరూ చూసేది చివరగా కోడ్ ముట్టుకున్నది ఎవరు అని. పది సార్లలో ఏడుసార్లు అతనే అయ్యుంటాడేమో, మిగతా మూడుసార్ల సంగతి ఎవరూ లెక్క రాయరు. క్లాడ్ చేసిన నేరమల్లా ఆఖరున కనిపించడం. పైగా ఆ వేషం వేసింది హ్యారీ మోర్గన్. తర్వాత రోజుల్లో ‘మ్యాష్’ టీవీ సీరియల్లో పెద్దమనిషి కల్నల్ పాటర్‌గా ఇంటింటికీ తెలిసిన ముఖం కానీ, అప్పటికి ఆయనవి ఎక్కువగా అనుమానాస్పద పాత్రలే. ‘ది బిగ్ క్లాక్’లో నోరు విప్పని అంగరక్షకుడు ఆయనే. సందేహం అనే మాటకి ఫోటో వేయమంటే ఆ ముఖం వేయొచ్చు. పొట్టి మనిషి, చిన్న కళ్ళు, ఎటు చూడాలో తెలియని చూపు. విచారణ గదిలో లాజ్లో కెమెరా ఆ ముఖం మీదే నిలబడిపోతుంది. అబద్ధం చెబుతున్న మనిషీ, నిజం చెబుతున్నా ఎవరూ నమ్మరేమో అని వణుకుతున్న మనిషీ బయటికి ఒకేలా కనిపిస్తారు. ఆ గదిలో జరిగే నాటకమంతా ఇదే. ఇంకో చిత్రం: ‘ది ఆక్స్-బో ఇన్సిడెంట్’ అనే 1943 సినిమాలో అమాయకుల్ని గుంపు ఉరితీస్తూంటే హెన్రీ ఫోండా పక్కన నిలబడి చూసే స్నేహితుడు కూడా ఈ మోర్గనే. ఎనిమిదేళ్ళ తర్వాత ఇక్కడ ఆయన స్థానం మారింది.

ఎర్నెస్ట్ ఆండర్సన్‌ది ఇంకా విచిత్రం. 1942లో ‘ఇన్ దిస్ అవర్ లైఫ్’లో ఆయన లా చదువుకునే నల్లజాతి కుర్రాడు. కారుతో ఒకరిని గుద్ది చంపిన తెల్లమ్మాయి, బెటీ డేవిస్, ఆ నేరం ఇతని మీదకి నెట్టేస్తుంది. అన్యాయంగా నింద మోసిన ఆ కుర్రాడే ఇక్కడ ఓ తెల్లవాడిని అన్యాయంగా అనుమానించే తండ్రి. ఇది దర్శకులు కావాలని చేశారని అనను. కానీ రెండు సినిమాలూ వెంటవెంటనే చూస్తే ఆ తండ్రి కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ వివరించక్కర్లేదు.

సినిమాలో నాకు బాగా నచ్చిన భాగం పుకార్లది. పోలీస్ స్టేషన్ బయట సామ్ పాకర్డ్‌ని పాప బంధువులు అడ్డగిస్తారు. వాళ్ళు అడిగేది ఒకటే, మీ వాడు మా పాపనేం చేశాడు అని. తోపులాటలో సామ్ కింద పడతాడు. పెద్ద దెబ్బేమీ కాదు. ఆ క్షణం నుంచి మాత్రం సినిమా వేగం మారిపోతుంది. ఒక నోటి నుంచి ఇంకో నోటికి, ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి, కొట్టు గుమ్మం నుంచి వీధి మూలకి. తెల్లవాళ్ళ వైపు, ‘నల్లవాళ్ళు సామ్‌ని పడేశారట’ అన్నది రెండు మూడు నోళ్ళు దాటేసరికి గుంపు దాడిగా మారుతుంది. నల్లవాళ్ళ వైపు, ‘పాకర్డ్ బంధువు కదా, వదిలేస్తార్లే’ అన్న అనుమానం కాస్తా వదిలేశారనే వార్తవుతుంది. ఎడిటింగ్ ఎంత గబగబా కోస్తుందంటే, ఎవరు ఎవరికి చెప్పారో గుర్తుపెట్టుకోలేం. ఆ ఎడిటింగ్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, వచ్చి తీరాల్సిందే.

ఇక్కడ కొంచెం ఆగి ఓ పుస్తకం సంగతి చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికాలో పుకార్లు ఎంత పెద్ద బెడద అయ్యాయంటే, బోస్టన్‌లో ఒక పత్రిక వాటిని పట్టుకుని ఖండించడానికి ‘రూమర్ క్లినిక్’ అని ఓ శీర్షికే నడిపింది. గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ అనుభవాల నుంచి 1947లో ‘ది సైకాలజీ ఆఫ్ రూమర్’ రాశారు. అందులో ఒక ప్రయోగం ఉంది. రైలుపెట్టెలో కొంతమంది ఉన్న బొమ్మ ఒకటి. ఒక తెల్లవాడు చేతిలో తెరిచిన మంగలికత్తితో ఓ నల్లవాడితో వాదిస్తున్నాడు. ఆ బొమ్మని చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పాలి, వాళ్ళు ఇంకొకళ్ళకి, అలా గొలుసుగా. సగానికి పైగా ప్రయోగాల్లో, ఎక్కడో ఒకచోట, కత్తి నల్లవాడి చేతిలోకి వెళ్ళిపోయింది. ఎవరూ కావాలని మార్చలేదు. ‘అలాగే అయ్యుంటుంది’ అని బుర్ర సర్దేసుకుంది.

ఆ పుస్తకంలోనే ఓ సూత్రం ఉంది. ఇంజినీర్ని కాబట్టి సూత్రం కనిపిస్తే వదల్లేను. పుకారు బలం అంటే, విషయం వినేవాడికి ఎంత ముఖ్యమో దాన్ని, ఆ విషయం ఎంత అస్పష్టంగా ఉందో దానితో గుణిస్తే వచ్చేది. కూడిక కాదు, గుణకారం. రెంట్లో ఏది సున్నా అయినా పుకారు సున్నా. ఈ లెక్క పెట్టుకుని ‘ది వెల్’ చూడండి. పాప కనిపించకపోవడం అనే విషయం ఊరికి ఎంత ముఖ్యమో మనకీ అంతే ముఖ్యం. కానీ అస్పష్టత వాళ్ళకి నిండా ఉంది, మనకి సున్నా. అందుకే అదే పుకారు వాళ్ళని కర్రలు పట్టిస్తుంది, మనల్ని ముట్టుకోదు. యంత్రం మూత తీసి లోపల పళ్ళచక్రాలు ఎలా తిరుగుతున్నాయో చూపించినట్టు ఉంటుంది. బావి సీను మొదట పెట్టడం వెనకున్న తెలివి ఇదే. దాన్నే గంట తర్వాత పెట్టి ఉంటే, మనమూ క్లాడ్‌ని అనుమానిస్తూ ఆ గుంపులో నిలబడేవాళ్ళం. అలా తీస్తే ఇంకా మంచి సినిమా అయ్యేదని ఒక స్నేహితుడు నాతో వాదించాడు, ప్రేక్షకుడిని కూడా దోషిగా నిలబెట్టేదని. నేను ఒప్పుకోలేదు. మోసపోయి తర్వాత సిగ్గుపడే సినిమాలు చాలా ఉన్నాయి. కళ్ళ ముందు మోసం తయారవుతూ ఉంటే చూసే సినిమాలు తక్కువ.

ఈ రెండు వైపుల పుకార్లు రచయితలు గాల్లోంచి పట్టినవి కావు. 1943 జూన్ 20, ఆదివారం సాయంత్రం, డెట్రాయిట్‌లో బెల్ ఐల్ అనే ద్వీపం మీదున్న పార్కులో చిన్న చిన్న కొట్లాటలు జరిగాయి. ఆ రాత్రికి నల్లవాళ్ళ పేటల్లో ఒక వార్త: తెల్లవాళ్ళు ఒక నల్లజాతి తల్లినీ బిడ్డనీ వంతెన మీంచి నదిలోకి తోసేశారని. తెల్లవాళ్ళ పేటల్లో ఇంకో వార్త: అదే వంతెన మీద నల్లవాళ్ళు ఒక తెల్లామెని పాడుచేశారని. రెండూ అబద్ధాలే. ఒకే అబద్ధం అద్దంలో అటూ ఇటూ. అల్లర్లు ఆగేసరికి 34 మంది చనిపోయారు. వాళ్ళలో 25 మంది నల్లవాళ్ళు, ఆ 25లో 17 మందిని చంపింది పోలీసులు. కేంద్ర సైన్యం దిగితే గానీ సద్దుమణగలేదు. ‘ది వెల్’లో కూడా సైనికుల్ని పిలిపించాలన్న మాట వస్తుంది. 1951లో సినిమా చూసినవాళ్ళకి డెట్రాయిట్ ఎనిమిదేళ్ళ నాటి సంగతి. మనకి 2018 ఎంత దూరమో వాళ్ళకీ ఇంచుమించు అంతే.

2018 అని ఊరికే అనలేదు. ఆ వేసవిలో మన రెండు రాష్ట్రాల్లోనూ అందరి ఫోన్లలోనూ పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠా వీడియోలు తిరిగాయి. పార్థీ గ్యాంగ్ అని, ఊళ్ళో దిగిందని, రాత్రిళ్ళు తలుపులు తీయొద్దని. కొత్త ముఖం కనిపిస్తే చాలు పట్టుకుని కొట్టారు, ప్రాణాలు పోయాయి. ఆ జులై 13న హైదరాబాద్ నుంచి కొందరు స్నేహితులు కర్ణాటకలోని బీదర్ జిల్లాకి సరదాగా వెళ్ళారు. దారిలో బడిపిల్లలు కనిపిస్తే చాక్లెట్లు ఇచ్చారు. అంతే. ఎవరో అనుమానించారు, వాదన అయింది, వీళ్ళు కారెక్కి బయటపడ్డారు. కారు కంటే ముందు వీడియో వెళ్ళింది వాట్సాప్‌లో. ముర్కి అనే ఊరి దగ్గర రోడ్డుకి అడ్డం పెట్టారు. గుంపు కొట్టిన దెబ్బలకి ఒకతను చనిపోయాడు, మిగతావాళ్ళకి తీవ్రంగా గాయాలయ్యాయి. చనిపోయినతని వయసు 32. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి అయిదు చాట్‌లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది. అస్పష్టత తగ్గించడం వాళ్ళ చేతిలో లేదు, వేగం తగ్గించడం ఉంది.

వయొలెట్ పూలగుత్తి, చాక్లెట్లు. ఈ సినిమా రెండోసారి చూసినప్పుడు పూలకొట్టు సీన్ దగ్గర ఆపేసి కాసేపు లేచి తిరిగాను. ఊరికే ఒక పరాయి పిల్లకి ఏదో కొనిపెట్టాలనిపించడం అనే మంచి బుద్ధి, దాన్నే సాక్ష్యంగా చదవడం ఎంత తేలికో! అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ కానిస్టేబుళ్ళని పంపి, డప్పు కళాకారుల చేత పాటలు కట్టించి, వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఆల్‌పోర్ట్ సూత్రంలో రెండో అంకెని సున్నా చేసే పని అది. సినిమాలో షెరిఫ్ కెలాగ్ చేయలేకపోయింది సరిగ్గా అదే. నిజం ఆయన దగ్గరా లేదు కాబట్టి, ఏం చెప్పినా ఊరు దాన్ని ఏదో దాచడంగానే వింటుంది.

సరే, సినిమా మీద నాకున్న అసలు పేచీ చెప్తాను. ఇది రెండు వైపులా త్రాసు సమంగా పెట్టడానికి తెగ కష్టపడుతుంది. నల్లవాళ్ళ వైపు ఒక పుకారు, తెల్లవాళ్ళ వైపు ఒక పుకారు. ఇక్కడో దెబ్బ, అక్కడో దెబ్బ. అమెరికా చరిత్రలో ఆ త్రాసు ఎప్పుడూ సమంగా లేదు. డెట్రాయిట్ అంకెలు పైనే ఉన్నాయి, 34లో 25. జైల్లో ఉన్న నిందితుడు, బయట గుంపు అనే బొమ్మ అక్కడ కొన్ని వేలసార్లు జరిగిందే, కానీ లోపలున్నవాడు దాదాపుగా నల్లవాడు, బయటున్నది తెల్లగుంపు. 1921లో టల్సా ఊళ్ళో లిఫ్టులో ఒక తెల్లమ్మాయి కేక వేసిందన్న మాట మీద ఒక నల్లకుర్రాడిని జైల్లో వేస్తే, కోర్టు ముందు తెల్లవాళ్ళు మూగారు. మర్నాటికి గ్రీన్‌వుడ్ అనే నల్లవాళ్ళ పేట మొత్తం తగలబడిపోయింది. రౌజ్, గ్రీన్ ఈ బొమ్మని తిరగేశారు. ఎందుకని? తెల్ల ప్రేక్షకుడు నిందితుడి చోట తనని ఊహించుకోవాలంటే, 1951లో, ఆ నిందితుడు తెల్లవాడు కాక తప్పలేదేమో. వ్యాపారంగా చూస్తే తెలివే. కానీ దాని ఖరీదు కూడా ఉంది. నల్లవాళ్ళ అనుమానానికీ తెల్లవాళ్ళ అనుమానానికీ మధ్య ఉన్న తేడా మసకబారిపోతుంది. ‘మా పిల్ల కాబట్టి పోలీసులు గట్టిగా వెతకరు, వాడు పాకర్డ్ కాబట్టి వదిలేస్తారు’ అన్నది పుకారు కాదు, అనుభవం. క్లాడ్ విషయంలో అది తప్పయింది, అంతే.

సినిమాకి ఇది పూర్తిగా తెలీదని కూడా అనలేను. సామ్ పాకర్డ్ పాత్రలో బారీ కెల్లీని చూడండి. మేనల్లుడి దగ్గరికి వచ్చినప్పుడు అతని మొదటి దిగులు పాప గురించి కాదు, నిజం గురించి కూడా కాదు, తన పేరు గురించి. పలుకుబడి వాడి ఎలాగోలా బయటపడేయాలని చూస్తాడు. అంటే నల్లవాళ్ళు భయపడిందే జరగబోయింది. వాళ్ళ అనుమానం మనిషి విషయంలో తప్పు, పద్ధతి విషయంలో ఒప్పు. ఈ ఒక్క సీన్ చాలా ప్రసంగాల పెట్టు. తర్వాత గుంపుని కూడగట్టేది కూడా సామే.

ఊరు తగలబడే అంచున ఉండగా ఒక పిల్లాడు, అతని కుక్క, బావి దగ్గర పాప వస్తువుల ఆనవాలు పడతాయి. ఇక్కడ సినిమా మధ్యకి విరిగి రెండో సినిమా మొదలవుతుంది. ఆఖరి అరగంటా రక్షణ పనే. ఈ భాగానికి మూలం కూడా నిజమే, అది కొంచెం వివరంగా చెప్పాలి.

1949 ఏప్రిల్ 8, శుక్రవారం. లాస్ ఏంజలస్ పక్కన శాన్ మరీనోలో క్యాథీ ఫిస్కస్ అనే మూడేళ్ళ పాప ఆడుకుంటూ వదిలేసిన బావిగొట్టంలో పడిపోయింది. గొట్టం వెడల్పు 14 అంగుళాలు. మన బోరుబావుల లాంటిదే. ఆ బావిని 1903లో తవ్వించిన నీటి కంపెనీలోనే పాప తండ్రి ఉద్యోగి. పాత బావులన్నిటినీ సిమెంటుతో మూయాలన్న చట్టం కోసం కొద్దిరోజుల ముందే ఆయన చట్టసభ ముందు సాక్ష్యం ఇచ్చి వచ్చాడు. కథలో రాస్తే ఎడిటర్ కొట్టేస్తాడు అతిగా ఉందని. పక్కనే సమాంతరంగా గోతులు తవ్వారు. హాలీవుడ్ స్టూడియోల నుంచి ఫ్లడ్‌లైట్లు తెచ్చి రాత్రిని పగలు చేశారు. వేలమంది చుట్టూ మూగారు. కె.టి.ఎల్.ఎ. అనే స్థానిక టీవీ స్టేషన్ 27 గంటలకి పైగా ఏకధాటిగా ప్రత్యక్ష ప్రసారం చేసింది. టీవీలో ఇలా వార్త నడుస్తుండగానే చూపించడం అప్పటికి కొత్త. టీవీలు ఉన్న ఇళ్ళు తక్కువ, ఇరుగుపొరుగు అంతా ఒక ఇంట్లో చేరి చూశారు. ఆదివారం రాత్రి పాపని చేరుకున్నారు. పడిన కాసేపటికే చనిపోయింది.

మన దగ్గర ఇదే దృశ్యం 2006 జులైలో నడిచింది. కురుక్షేత్ర దగ్గర ప్రిన్స్ అనే పిల్లాడు పడిపోతే దేశమంతా రెండు రోజులు టీవీ ముందు కూర్చుంది. ఆ పిల్లాడు బతికాడు. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఏడాదిన్నర పాప కోసం రెండున్నర రోజులు అలాగే చూశాం. ఆ పాప దక్కలేదు. బోరుబావి వార్త వచ్చినప్పుడు ఏ కులం, ఏ మతం పిల్ల అని ఎవరూ అడగకపోవడం గమనించారా? పిల్ల ఎక్కడుందో తెలిసిన క్షణం నుంచి, ఆ ప్రశ్న ఎవరికీ తోచదు. ఎక్కడుందో తెలియనప్పుడు మాత్రం మొట్టమొదట తోచేది అదే. ‘ది వెల్’ రచయితలు ఒకే పాపని పెట్టి ఈ రెండు స్థితుల్నీ పక్కపక్కన చూపించారు.

రక్షణ భాగం మీద కొందరికి చిరాకు. ఇందాక తలలు పగలగొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు భుజం భుజం కలిపి తవ్వుతున్నారంటే నమ్మేదెట్లా అని. న్యాయమైన అభ్యంతరమే. నాకు మాత్రం ఆ యంత్రాలు చూస్తూంటే అది రాలేదు. దర్శకులు ఇక్కడ ఉపన్యాసాలు దాదాపు మానేసి పని చూపిస్తారు. బావి పక్కన ఇంకో నిలువు గొయ్యి తవ్వాలి, అడుగు నుంచి అడ్డంగా బావి వైపు పోవాలి, మట్టి కూలితే లోపలున్న పాప మీద పడుతుంది. ఆ లెక్కలన్నీ మనకి అర్థమయ్యేంత ఓపికగా తీశారు. ట్యోంకిన్ సంగీతం యంత్రాల చప్పుడుతో కలిసిపోతుంది, ఏది ఏదో తెలీదు. యంత్రాలు ఎవరివి? సామ్ పాకర్డ్‌వి. మధ్యాహ్నం గుంపుకి నాయకుడు, రాత్రికి గోతి దగ్గర మేస్త్రి. అతను మారిపోయాడని సినిమా ఎక్కడా అనదు. చేతికి పని దొరికింది, అంతే. ఇది కొంత భయం కూడా కలిగిస్తుంది, ఆలోచిస్తే.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది క్లాడ్ సంగతి. నిర్దోషి అని తేలిపోయింది. వదిలేశారు. ఆ ఊరి ముఖం చూడకుండా వెళ్ళిపోవాలని అతని కోరిక, అందులో తప్పేముంది? కానీ అతను గని మనిషి, గోతిలో ఎలా దిగాలో ఆ ఊళ్ళో అతనికి తెలిసినంత ఎవరికీ తెలీదు. అడుగుతారు. మొదట చేదుగా మాట్లాడతాడు. ఇందాకటిదాకా నన్ను హంతకుడన్నారు కదా అన్న కోపం ఆ మనిషి ఒళ్ళంతా ఉంటుంది. తర్వాత దిగుతాడు. మనసు ఎప్పుడు మారిందో చూపించే డైలాగులు పెద్దగా లేవు, మోర్గన్ ముఖమే. ఎవరూ అతనికి సరిగ్గా క్షమాపణ చెప్పినట్టు కూడా నాకు గుర్తులేదు. టైం లేదు మరి.

పైన మేడీ నార్మన్ నిలబడి ఉంటుంది. సినిమా మొత్తంలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి ఆమె. ఊరంతా ఆమె పేరు మీద కొట్టుకుంది, ఆమెకి కావలసింది మాత్రం పొద్దున్నించీ ఒకటే. గుంపు అరుపులన్నీ ఆగిపోయాక, ఆ నిశ్శబ్దంలో ఆమె ముఖం మీద కెమెరా నిలిపిన షాట్ల కోసమైనా ఈ సినిమా చూడొచ్చు. ఆవిడ తర్వాత యు.సి.ఎల్.ఎ.లో నల్లజాతి నాటకరంగం గురించి పాఠాలు చెప్పారు. హాలీవుడ్ మాత్రం ఆవిడకి ఎక్కువగా పనిమనిషి వేషాలే ఇచ్చింది. ‘వాట్ ఎవర్ హాపెన్డ్ టు బేబీ జేన్?’లో ఎల్వైరా ఆవిడే.

క్యాథీ చనిపోయింది, కారొలిన్ బతుకుతుంది. నిజాన్ని మార్చినందుకు రచయితల్ని తప్పు పట్టినవాళ్ళున్నారు. అదే 1951లో బిల్లీ వైల్డర్ ‘ఏస్ ఇన్ ది హోల్’ తీశాడు. గుహలో ఇరుక్కున్న మనిషిని, వార్త సాగాలని, ఆలస్యంగా బయటికి తీయించే విలేఖరి కథ. అందులో జనం తిరనాళ్ళకి వచ్చినట్టు వస్తారు, ఆఖరికి మనిషి చనిపోతాడు. విమర్శకులు ఇవాళ ఆ సినిమాని నెత్తిన పెట్టుకుంటారు, దీన్ని మర్చిపోయారు. వైల్డర్‌ది గొప్ప సినిమా, నిస్సందేహంగా. కానీ గోతి చుట్టూ మూగిన జనం గురించి వైల్డర్‌కి ముందే తెలుసు, ఒక అభిప్రాయం ఉంది. రౌజ్, గ్రీన్‌లకి ఆ జనం ఒక గంటలో ఒకలా, ఇంకో గంటలో ఇంకోలా ఎందుకున్నారో తెలుసుకోవాలని ఉంది. నాకు ఈ రెండో ఆసక్తే ఎక్కువ కాలం పనికొచ్చేలా కనిపిస్తుంది.

1952లో ఆస్కార్ల రాత్రి, కథ-స్క్రీన్‌ప్లే విభాగంలో ఈ రెండు గోతుల సినిమాలూ పక్కపక్కనే నామినేట్ అయ్యాయి. బహుమతి ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’కి వెళ్ళింది. రౌజ్, గ్రీన్ ఆ తర్వాత ఒక్క మాట కూడా లేని గూఢచారి సినిమా ‘ది థీఫ్’ తీశారు. వాళ్ళకి ఆస్కార్ చివరికి 1960లో వచ్చింది, మరో ఇద్దరితో కలిపి, ‘పిల్లో టాక్’కి. ఒకే టెలిఫోన్ లైన్‌ని పంచుకున్న ఇద్దరు అపరిచితులు, ఒకరి మాటలు ఇంకొకరికి వినపడిపోవడం మీద అల్లిన రొమాంటిక్ కామెడీ అది.